తెర లేని పలక

అట్టపెట్టె ఒళ్ళో పెట్టుకుని బస్సు కాంప్లెక్సులో కూర్చున్నాను. బొబ్బిలి నుంచి వచ్చే బస్సు ఇంకా విజయనగరం దగ్గరే ఉందట. విచారణ కిటికీలో ఉన్నాయన తలెత్తకుండానే చెప్పాడు, తలెత్తితే ఇంకో ప్రశ్న అడుగుతానని భయం కాబోలు. ఇంకో గంట పడుతుంది. గంటంటే నాకు లెక్కేం కాదు, పోర్టులో క్రేను కేబిన్‌లో ఓడ కోసం, లారీ కోసం, వాన తగ్గడం కోసం ఎన్ని గంటలు కూర్చోలేదు. కానీ అక్కడ చేతులకి పట్టుకోవడానికి రెండు లివర్లుంటాయి. ఇక్కడ ఈ పెట్టె ఉంది. పెట్టె మీద ఎవరో జుట్టు విరబోసుకున్న బొమ్మల పిల్ల నవ్వుతోంది, మొహంలో సగం కళ్ళే. లోపలున్నది బొమ్మలు వేసుకునే పలక. షాపులో దాన్ని డ్రాయింగ్ టాబ్లెట్ అన్నారు, నేను మాత్రం పలకే అంటాను, పిల్లలు గీసేది పలక మీదే కదా. నా కూతురు శ్రీసత్య కోసం. నెలకోసారి ఆదివారం వస్తుంది. వాళ్ళమ్మ అక్కడ బస్సెక్కించి కండక్టరుకి అప్పజెబుతుంది, నేను ఇక్కడ దింపుకుంటాను, సాయంత్రం నేను అప్పజెబుతాను, అక్కడ ఆవిడ దింపుకుంటుంది. మా పోర్టులో సరుకు కూడా ఇంత పద్ధతిగా చేతులు మారదు. పెట్టె మరీ తేలిగ్గా ఉంది. గ్రానైట్ దిమ్మలు ఎత్తే వాడికి ఏది బరువో ఏది తేలికో ఇంకొకరు చెప్పక్కర్లేదు, అయినా పొద్దున్నుంచి ఇది ఒళ్ళో ఆగడం లేదు, జారిపోతుందేమోనని మాటిమాటికీ సర్దుకుంటున్నాను. సీలు విప్పకపోతే మార్చుకోవచ్చు అంకుల్ అంది ఆ షాపు పిల్ల. నేను అడగలేదే. అడగకుండా ఎందుకు చెప్పింది, నా మొహంలో ఏం కనిపించింది.

షాపు దగ్గరే, ద్వారకా నగర్‌లో, రోడ్డు దాటి రెండు సందులు. కోచింగ్ సెంటర్ల బోర్డుల్లో ర్యాంకులొచ్చిన పిల్లల ఫొటోలు, ఆ ఫొటోల కింద ఇడ్లీ బండి, బండి పక్క మెట్లెక్కితే అద్దాల తలుపు. లోపలికి వెళ్ళగానే చల్లగా తగిలింది. పిల్ల పేరు అలేఖ్య, చొక్కా మీద రాసుంది. మూడు పలకలు తెచ్చి బల్ల మీద వరసగా పెట్టింది. మొదటిదానికి తెర ఉంది, దాని మీద గీస్తే దాని మీదే బొమ్మ కనిపిస్తుంది. దాని ధర విని, నిద్రపోతున్న పసిబిడ్డని పడుకోబెట్టినట్టు జాగ్రత్తగా మళ్ళీ బల్ల మీద పెట్టేశాను. మిగతా రెండింటికీ తెర లేదు, ఉత్త నల్ల పలక, ఒక పెన్ను. "దీనికి కంప్యూటర్ ఉండాలి అంకుల్, ఫోన్‌కి పని సెయ్యదు. ఇదేమో రెండిటికీ పని సేస్తాది, ఫోన్‌కి గుచ్చేసి ఎక్కడ కూర్చున్నా ఏసుకోవచ్చు, అందుకే కొంచెం ఎక్కువ" అంది. తర్వాత గొంతు తగ్గించి, అమ్మే సరుకులో లోపం చెబుతున్నట్టు మొహం పెట్టి, "కానీ అంకుల్, తెర లేనివాటిలో సెయ్యి కింద ఉంటాది, బొమ్మ పైన ఎక్కడో పడతాది. సెయ్యిని సూడకూడదు. పిల్లలకి మొదట్లో రాదు, విసుక్కుంటారు" అంది. నాకు నవ్వొచ్చింది. నవ్వితే ఆ పిల్ల ఏమనుకుంటుందోనని మీసం సర్దుకున్నాను. నా చేతుల్ని నేను చూసుకుని ఎన్నేళ్ళయిందో. కేబిన్‌లో ఎడమ చేతికో లివరు, కుడి చేతికో లివరు, కళ్ళు మాత్రం కాళ్ళ కింది అద్దంలోంచి ఎక్కడో అడుగున, ఓడ కడుపులో. చేతిని చూశావా, సరుకు గోడకి గుద్దుకుంటుంది. చెయ్యి ఇక్కడ, పని అక్కడ. చెప్పాలంటే నా బతుకంతా అంతే, నేను మల్కాపురంలో, నా బిడ్డ బొబ్బిలిలో. కంప్యూటర్‌దే ఇవ్వమన్నాను.

ఎందుకిమ్మన్నాను. తక్కువ ధర కనక. ఎంత చక్కటి కారణం, ఎవరూ వేలెత్తి చూపలేరు, పుష్ప కూడా ఏమీ అనడానికి ఉండదు. పుష్ప నా భార్య, ఇంకా భార్యే, కాగితాల మీద. ధర తక్కువని తీసుకున్నాను పుష్పా అంటే తలూపుతుంది, ఆవిడకి పొదుపు మాటంటే గౌరవం. అసలు కారణం మా ఇంట్లో బల్ల మీద దుప్పటి కప్పుకుని కూర్చుంది. ఎల్లాజీ ఇచ్చిన కంప్యూటర్. ఎల్లాజీ మా క్రేనుకి సిగ్నల్‌మేన్, కింద నిలబడి చేతులతో నాకు దారి చెప్పేవాడు. పోయిన వారం, "మా పెద్దగుంట పెళ్ళయి ఎల్లిపోనాది, కంప్యూటర్ ఒగ్గీసింది, ఇల్లు ఇరుకు, అట్టుకుపో బావా" అన్నాడు. ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నాను. తెచ్చిన రోజే నా బుర్రలో లెక్క తేలిపోయింది. కంప్యూటర్ మా ఇంట్లో ఉంటుంది. పలక కంప్యూటర్‌కి అంటుకుని ఉంటుంది. బొమ్మలంటే ప్రాణమున్న పిల్ల పలక ఎక్కడుంటే అక్కడికి రాక ఏం చేస్తుంది. నెలకొక ఆదివారం సరిపోదంటుంది, వాళ్ళమ్మని పీక్కు తింటుంది, రెండు ఆదివారాలు అవుతాయి, దసరా సెలవులన్నీ ఇక్కడే అవుతాయి. ఫోన్‌కి గుచ్చుకునే పలకైతే సంచిలో వేసుకుని పోతుంది. ఎక్కడ కూర్చున్నా వేసుకోవచ్చు అని ఆ పిల్ల ఎంత మురిపెంగా చెప్పిందో, నాకు సరిగ్గా ఆ ముక్కే గిట్టలేదు. ఎక్కడైనా అంటే నా దగ్గర కాకుండా అనే కదా.

పార్వతీపురం బస్సు ఫలానా ప్లాట్‌ఫారం మీదికి వస్తుందని మైకులో ఆడగొంతు. అది కాదు. పక్క బెంచీ మీద ముసలమ్మ బుట్టలో ఎండుచేపలు పెట్టుకుని, వాసన బయటికి రాకుండా కొంగు కప్పింది, వాసన ఊరుకుంటుందా. ఎవరైనా ఏమైనా అంటారేమోనని నా వైపు చూసింది. మల్కాపురం మనిషికి వాసన గురించి ఎవరు చెబుతారు. మా ఇంట్లో కిటికీ తెరిస్తే రిఫైనరీ వాసన, మూసినా అదే వాసన, పోర్టు నుంచి వచ్చే బొగ్గు పొడి. పొద్దున్న తుడిచిన గచ్చు మీద మధ్యాహ్నానికి నల్లటి పాదాలు పడతాయి. పుష్ప రోజుకి మూడుసార్లు తుడిచేది. సత్యకి నాలుగేళ్ళప్పుడు ఆ కిటికీ గట్టు మీదే మొదటి బొమ్మ వేసింది, బొగ్గు పొడిలో చూపుడు వేలితో, ఒక పిల్లి, పిల్లి కాకపోతే మేక. "ఓలమ్మ, సెయ్యి సూడు ఎలాగైపోనాదో" అని పుష్ప గట్టు మీద తడిగుడ్డ వేసేది, పిల్ల మర్నాటి దాకా ఆగేది, గాలి మళ్ళీ పలక తెచ్చి పరిచేది. ఆ ఇంట్లో ఖర్చు లేని ఆట అదొక్కటే. వాళ్ళు వెళ్ళిపోయిన నాడు గట్టు మీద ఒక బొమ్మ మిగిలింది. గుండ్రాలు, చిన్న చిన్న గుండ్రాలు, ఒక్కోదానికి రెండేసి గీతలు. అవి మనుషులు. పైనుంచి చూస్తే మనుషులెలా ఉంటారని అడిగితే, టోపీలు, టోపీల కింద బూట్లు, అంతే కనిపిస్తుందని చెప్పాను, అలాగే వేసింది. నేను తుడవలేదు. ఎవరూ తుడవలేదు. రోజూ పొడి పడుతూనే ఉంది, కొన్నాళ్ళకి ఆ గుండ్రాలు వాటంతటవే నిండిపోయాయి. ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి చూస్తే గట్టంతా చదునుగా ఉంది, ఇంట్లో దొంగలు పడినట్టనిపించింది.

పుష్ప పోట్లాడి వెళ్ళలేదు. పోట్లాడితే నాకు బాగుండేది, ఆవిడ మీద నాలుగు మాటలు చెప్పుకునేవాణ్ణి. బొబ్బిలిలో ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చిందని, పుట్టింటి వాళ్ళు దగ్గరని చెప్పింది. ఇక్కడ రాదా ఉద్యోగం అన్నాను. "నీతో ఉన్నా నాను ఒంటిగానే ఉన్నాను. అక్కడా ఒంటిగానే ఉంటాను. కానీ అక్కడ ఎదురు సూడక్కర్లేదు" అంది, అన్నం వడ్డిస్తూ, ఏ కూరో చెప్పినంత మామూలుగా. నిజమే, షిఫ్టు నుంచి వచ్చి పడుకునేవాణ్ణి, లేచి షిఫ్టుకి వెళ్ళేవాణ్ణి. పగలంతా గాల్లో ఒంటరిగా వేలాడిన వాడు ఇంటికొచ్చి మాట్లాడతాడని ఆవిడ అనుకునేది. నాకేమో నోరు కూడా కేబిన్‌లోనే వదిలేసి వచ్చినట్టుండేది. ఇప్పుడు మాట్లాడాలనిపిస్తుంది. మొన్న ఫ్యానుతో మాట్లాడాను, ఏటే ఆ సప్పుడు అని. నాకు ఒంటరిగా ఉంది. ఈ మాట ఎవరికి చెప్పాలి, ఎల్లాజీకి చెబితే బావా ఓ బిర్యానీ తిందాం పద అంటాడు, మంచివాడు.

మా పనిలో అసలు నోటితో పనిలేదు. వాకీటాకీలు వచ్చాయి గానీ ఆ హోరులో గురగుర తప్ప ఏమీ వినపడదు, ఇప్పటికీ నాకు ఎల్లాజీ చెయ్యే నమ్మకం. చూపుడు వేలు పైకి పెట్టి గుండ్రంగా తిప్పితే సరుకు ఎత్తమని. చెయ్యి బార్లా చాపి, అరచెయ్యి నేలవైపు పెట్టి అటూ ఇటూ ఊపితే ఆపమని. ఒక చేత్తో సైగ చేస్తూ, దాని మీద రెండో అరచెయ్యి కదలకుండా అడ్డం పెడితే, ఆ పనే మెల్లగా చెయ్యమని. ఎత్తడానికీ దించడానికీ సిగ్నల్‌మేన్ ఒక్కడి మాటే వినాలి, కానీ ఆపమని ఎవరు ఊపినా, టీ తెచ్చే మనిషి ఊపినా, ఆపి తీరాలి. ఇవన్నీ సత్యకి మాటలతో పాటే వచ్చాయి. నేను క్రేను, అది సిగ్నల్‌మేన్, దిండు సరుకు. దిండు ఎత్తడం అయ్యాక తనే సరుకయ్యేది, గాల్లోంచే నాకు సైగలు చేసేది. అందుకే కదా ఆ రోజు అంత అల్లరైంది. మొదటిసారి సాయంత్రం బస్సెక్కించాను, టాటా చెప్పాలి కదా, చెప్పడం చేతకాదని అప్పుడే తెలిసింది. చెయ్యి చాపి ఊపాను. ఏళ్ళ తరబడి అలవాటైన చెయ్యి, అరచెయ్యి నేలవైపే తిరిగింది. లోపల నా కూతురు సీట్లోంచి లేచి నిలబడి, "ఆపండి, ఆపండి, మా నాన్న ఆపమంటన్నాడు" అని ఒకటే అరుపు. డ్రైవరు బ్రేకు వేశాడు, ఎవరి కారియరో దొర్లింది, కండక్టరు తల బయట పెట్టి, "ఏటయ్యా, ఏటి మర్సిపోనావ్?" అన్నాడు. ఏం మర్చిపోయానని చెప్పను. "టాటా సెప్పాను బాబూ" అన్నాను. బస్సు బస్సంతా నా వైపు చూసింది. కిటికీలోంచి సత్య, "టాటా అలాగ సెప్పరు నాన్నా" అంది, ఏడుపు మొహంతో. అప్పట్నుంచి బస్సు కదిలేటప్పుడు చేతులు జేబుల్లో పెట్టుకుంటున్నాను. నన్ను నమ్మి ఆపిన పిల్లకి ఏమీ ఇవ్వలేకపోయాను, ఆపాక ఏం చెయ్యాలో నాకే తెలియలేదు.

ఫోను మోగింది. సత్యే, వాళ్ళమ్మ పాత ఫోను దాని దగ్గరే ఉంటుంది, బస్సులో తోచక బొమ్మ పంపింది. ముందు సీట్లో నిద్రపోతున్న ఆడమనిషి వీపు, జడ, జడలో కనకాంబరాలు. మనిషి మెడ వాలిపోయిన తీరు ఎంత బాగా పట్టుకుందో, జడ మాత్రం మోకులా ఉంది, ఓడని కట్టెయ్యొచ్చు. కింద గొంతు రికార్డు చేసి పెట్టింది, ఫోను చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. "వేలితో గీత్తే ఎంట్రుకలు రావట్లేదు నాన్నా, తాళ్ళొత్తన్నాయి. అమ్మకి నైట్ డ్యూటీ అయితే నాను రోజూ ఇలాగే ఏసుకుంటన్నాను. నీకు పంపనేదు, బాగోలేవని." వెనక బస్సు హోరు. ఇంకోసారి విన్నాను. ఎంట్రుకల సంగతి నాకు తెలుసు, దాని కోసమే కదా పెన్నున్న పలక. నైట్ డ్యూటీ సంగతి తెలియదు. అమ్మమ్మ గారిల్లు పక్క వీధిలో ఉందనే తెలుసు, పుష్ప చెప్పింది, నేను అంతటితో సరిపెట్టుకున్నాను. అమ్మమ్మ పెందరాళే పడుకుంటుంది, ఆవిడకి చెవుడు కూడానూ. మరైతే వారంలో సగం సాయంత్రాలు నా కూతురు చూపుడు వేలు ఫోను మీద రుద్దుకుంటూ, తాళ్ళ జడలు వేసుకుంటూ, బాగోలేదని ఎవరికీ పంపకుండా. నాకు ఫ్యానుంది, దానికి ఫోనుంది. పెట్టె మీద బొమ్మల పిల్ల ఇంకా నవ్వుతూనే ఉంది. నెలకో ఆదివారం నా బల్ల దగ్గర కూర్చోబెట్టుకోవాలని, దాని సాయంత్రాలన్నీ చేతికి పలక అందకుండా చేసి, తక్కువ ధరని చెప్పబోయానా. ఎంత నక్కబుద్ధి. ఛీ, నక్క కూడా పిల్లల దగ్గర ఇలా చెయ్యదు. మైకులో ఆడగొంతు మళ్ళీ ఏదో అంది, ఏ ఊరు పేరో వినలేదు, అప్పటికే లేచాను.

రోడ్డు దాటడానికే నాలుగు ఆటోల చేత తిట్లు తిన్నాను. మెట్ల దగ్గర ఇడ్లీ బండి కడుగుతున్నారు, జారబోయి అద్దాల తలుపు పట్టుకున్నాను. అలేఖ్య నన్ను చూసి, పెట్టె చూసి, రెండోది తీసి ముందే బల్ల మీద పెట్టింది. "ఫోన్‌కి గుచ్చేది కదా అంకుల్" అంది. "అదేనమ్మా. జడలు వత్తాయా దీన్తో, సన్నంగా?" అన్నాను. "మెల్లగా నొక్కితే ఎంట్రుకంత వస్తాది, గట్టిగా నొక్కితే లావుగా వస్తాది" అని, చూపించడానికి బయట ఉంచిన అలాంటి పలకనే నా ఫోనుకి తగిలించి ఒక గీత గీసి చూపించింది. సన్నగా మొదలై, మధ్యలో లావై, చివర మళ్ళీ గాల్లో కలిసిపోయింది. మిగతా డబ్బు కట్టి, పెట్టె చంకలో పెట్టుకుని పరుగెత్తాను. వయసుకి తగ్గ పరుగు కాదది, చెప్పులు టపటపమని. కాంప్లెక్సు గేటు దగ్గరికి వచ్చేసరికి బొబ్బిలి బోర్డు దూరం నుంచే కనిపించింది, బస్సు వచ్చేసి నిలబడి ఉంది, జనం దిగిపోయారు. ప్లాట్‌ఫారం అంచున కండక్టరు పక్కన, ఆకుపచ్చ గౌను, భుజాన సంచి, నా కూతురు ఒక్కతీ. కండక్టరు వాచీ చూసుకుంటున్నాడు. నేను నేరుగా పరుగెత్తాను, బస్సుల మధ్యలోంచి. సత్య నన్ను చూసింది. నవ్వలేదు. చెయ్యి బార్లా చాపి, అరచెయ్యి నేలవైపు పెట్టి గబగబా ఊపింది. నా కాళ్ళు ఎక్కడివక్కడ ఆగిపోయాయి, ఎందుకని అడగలేదు, ఆపమని ఎవరు ఊపినా ఆపి తీరాలి. నా ముక్కు ముందు నుంచి ఒక బస్సు వెనక్కి వచ్చి, గాలి కొట్టి, వెళ్ళిపోయింది. సత్య చెయ్యి దించింది. వెళ్ళాను.

"ఇంతసేపు ఏటి సేత్తన్నావయ్యా, పిల్లని ఒగ్గీసి ఎల్లలేక, ఉండలేక సత్తన్నాను" అని కండక్టరు నాలుగు అక్షింతలు వేసి వెళ్ళాడు. వేయించుకున్నాను. సత్య నా మొహం చూసి, "సూసుకోవా నాన్నా?" అంది, పుష్ప గొంతుతో. బెంచీ మీద కూర్చున్నాం, ఎండుచేపల ముసలమ్మ జరిగి చోటిచ్చింది. పెట్టె ఇచ్చాను. సీలు పళ్ళతో కొరికింది. ఫోనుకి గుచ్చి పలక ఒళ్ళో పెట్టుకుంది, ఫోను నన్ను పట్టుకోమంది, పెన్నుతో గీసింది. గీత ఎటో పోయింది. మళ్ళీ గీసింది, మళ్ళీ పోయింది. చేతిని చూస్తోంది. "నాకు రాదు నాన్నా" అంది. "సెయ్యిని సూడకమ్మా. సరుకు ఎక్కడుందో అక్కడ సూడు. సెయ్యి దానంతటదే వత్తాది" అన్నాను. నా కళ్ళల్లోకి ఒకసారి చూసి, తర్వాత నేను పట్టుకున్న ఫోను వైపే చూస్తూ, ఊపిరి బిగబట్టి గీసింది. ఒక ఎంట్రుక. దాని పక్కన ఇంకొకటి. ముసలమ్మ వంగి, "ఓలమ్మా, జడే" అంది. సత్య గీస్తూనే ఉంది, చెవి వెనక చెమట పట్టింది. ఇంత దగ్గర్నుంచి, ఇంతసేపు, దాని మొహం నేనెప్పుడూ చూడలేదనిపించింది. కుడి కనుబొమ్మలో చిన్న మచ్చ ఉంది, అది ఎప్పటిదో నాకు తెలియదు.

కాసేపటికి పెన్ను ఆపింది. తల ఎత్తకుండా, పలక అంచు గోటితో గీరుతూ, "ఇది బొబ్బిలి అట్టుకెల్లొచ్చా? నీ దగ్గరే ఉంచెయ్యాలా?" అంది. చెప్పాలి. బొబ్బిలి అన్న మాట నా నోట్లోంచి రానంది. ఫోను బెంచీ మీద పెట్టాను. చెయ్యి పైకెత్తి, చూపుడు వేలు నిలబెట్టి, గుండ్రంగా తిప్పాను. ఎత్తమని. తీసుకుపొమ్మని. సత్య నా వేలినే చూసింది. అర్థమైంది, కళ్ళు మెరిశాయి, పలకని గుండెకి అదుముకుంది. అంతలో ఏమనుకుందో, ఆ మెరుపు కాస్త తగ్గింది. ఒక చేత్తో పలక పట్టుకునే, రెండో చెయ్యి తెచ్చి, అరచెయ్యి నా వేలి మీద అడ్డంగా పెట్టి, కదలకుండా ఉంచింది. ఆ సైగ దానికి నేర్పింది నేనే. వేలు మెల్లగా తిప్పాను.